మూడో దీవికి నేను పోలేదు

బాన్సువాడలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. బడిలో పిల్లలకూ, బజారులో వాళ్ళ తండ్రులకూ నేను డ్రిల్ సార్‌నే. మెడలో ఈల, కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు, పొద్దున్నే మైదానం అవతలి వీధికి కూడా వినపడే గొంతు. ఎండాకాలం సెలవుల్లో నిజాంసాగర్ కాలువలో పిల్లలకు ఈత నేర్పేవాణ్ణి. నీళ్ళు చూసి వణికే పిల్లవాణ్ణి నడుము పట్టుకుని లోపలికి దించి, నేను ఉండగా భయమెందుకని గద్దించేవాణ్ణి. వాడు ఏడిస్తే మిగతా పిల్లలు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

నాకు ధైర్యవంతుడన్న పేరు వచ్చింది మాత్రం ఈతవల్ల కాదు. 1969లో, తెలంగాణ ఉద్యమం రోజుల్లో వచ్చింది. అప్పటికి మేమింకా చదువుకుంటున్నాం. నా పక్కన కూర్చునే స్నేహితుడు కోస్తా నుంచి వచ్చి బీర్కూర్ దగ్గర కాలువ కింద పొలం కొనుక్కున్న రైతు కొడుకు. బడులు మూసేశారు. అటునుంచి వచ్చినవాళ్ళ మీద ఊళ్ళో మాటలు వేడిగా ఉన్నాయి. ఒకరోజు పుస్తకాల కోసం మా ఇంటికి వచ్చి, బస్సులు ఆగిపోయి ఇరుక్కుపోయాడు. వాణ్ణి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బయలుదేరాను. చౌరస్తాలో పదిమంది కుర్రాళ్ళు అడ్డం నిలబడ్డారు. నేను దిగలేదు. "మా బావ. ఇంటికాడ దించొస్త. జర జరగుండ్రి" అన్నాను. జరిగారు. వాళ్ళంతా నాతో కబడ్డీ ఆడినవాళ్ళే, అందుకని నాకు భయపడవలసిన పనేమీ కనిపించలేదు. కానీ వాడు ఇంట్లో చెప్పినప్పుడు ఆ కుర్రాళ్ళ చేతుల్లోకి కర్రలు వచ్చాయి. వాళ్ళ అమ్మ చెప్పినప్పుడు రాళ్ళు కూడా వచ్చాయి. ఆమె నన్ను కూర్చోబెట్టి ఆవకాయ, నెయ్యి వేసి అన్నం పెట్టింది. కర్రలూ రాళ్ళూ లేవని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజు నుంచి వాడూ నేనూ బావ అంటే బావ అనుకునేవాళ్ళం.

మా ఇద్దరితోపాటు ఇంకొకడు ఉండేవాడు. వాళ్ళది బజారులో బీడీ ఆకు దుకాణం. చదువు అయ్యాక వాడికి ప్రభుత్వ పనుల శాఖలో ఉద్యోగం వచ్చి అండమాన్‌లో పోర్ట్‌బ్లెయిర్‌కు పోయాడు. మేం వాణ్ణి ఓవర్సియర్ అనేవాళ్ళం. రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చినప్పుడు బస్టాండు పక్కన చాయ్ హోటల్లో కూర్చుని దీవుల గురించి చెప్పేవాడు. నీళ్ళు అద్దంలా ఉంటాయనీ, పడవకు తెరచాప కట్టి ఒక దీవి నుంచి ఇంకో దీవికి గాలి మీద పోతారనీ, ఇంజను చప్పుడు కూడా ఉండదనీ చెప్పేవాడు. మంజీర తప్ప ఇంకో నీళ్ళు ఎరుగని మాకు ఆ మాటలు వింటుంటే చాయ్ చల్లారిపోయేది. రమ్మని ప్రతిసారీ పిలిచేవాడు. ఎనభైలు మొదలైన కొత్తలో, ఒక ఎండాకాలం సెలవులకు నేనూ బావా పోదామని ఖాయం చేసుకున్నాం. బావ భార్య బాలింత కనుక ఆమె రాలేదు.

నా భార్యను తీసుకుపోవాలని నేను అనుకోలేదు. ఆమెది మద్నూర్. వాళ్ళ అమ్మ ఇంట్లో మరాఠీ మాట్లాడేది. పెళ్ళయ్యేవరకు ఆమె చూసిన ప్రయాణాలు మహారాష్ట్ర సరిహద్దు దాటి దెగ్లూర్ సంతకు పోయి రావడమే. బల్లికి భయం, ఉరుముకు భయం, చీకటి గదిలోకి పోవాలంటే భయం. నేను నలుగురిలో ఆమె భయాల గురించి చెప్పి నవ్వించేవాణ్ణి, ఆమె కూడా తల వంచుకుని నవ్వేది. అలాంటి మనిషి నేను సంచీ సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "నేను గూడ వస్త" అంది.

ఓడలో భయపడతావని చెప్పాను.

"అయితే అయితది. పిల్లలను మా అమ్మకాడ ఇడిసొద్దాం."

కాదనడానికి కారణం దొరకలేదు. ఓవర్సియర్ భార్య కూడా పడవలో వస్తుందని తెలిసి ఇంట్లో పెద్దవాళ్ళూ ఒప్పుకున్నారు.

విశాఖపట్నంలో ఓడ ఎక్కాం. అది ఓడలా కాదు, కదిలే పెద్ద దవాఖానలా ఉంది. పొడుగాటి వసారాలు, ఇనుప మెట్లు, డెట్టాల్ వాసన. మొదటి రోజే బావ వాంతులు చేసుకున్నాడు, నా భార్య నిమ్మకాయ వాసన చూస్తూ పడుకుంది. నాకు ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున పైకి పోయి, అక్కడ తిరుగుతున్న ముక్కూ మొహం తెలియని పిల్లలను వరుసగా నిలబెట్టి వ్యాయామం చేయించాను. వాళ్ళ తల్లిదండ్రులు సంతోషపడ్డారు. నా భార్య ఒక మూల కూర్చుని చూస్తోంది. ఆమె చూస్తోందని గొంతు ఇంకొంచెం పెంచాను.

పోర్ట్‌బ్లెయిర్‌లో ఓవర్సియర్ క్వార్టరు గుట్ట మీద. అతని భార్య నిజామాబాద్ ఆడపడుచు. చాలా రోజులకు మన దిక్కు మాట విన్నందుకు మమ్మల్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా భార్య ఆమెను అక్కా అని పిలవడానికి గంట కూడా పట్టలేదు, ఆ తర్వాత మాకందరికీ ఆమె అక్కే. ఓవర్సియర్ పడవ మాట్లాడి ఉంచాడు. శ్రీకాకుళం నుంచి ఎప్పుడో వచ్చి అక్కడే స్థిరపడిన ఒక ముసలాయన పడవ అది. ఆయన దీవుల మీద ఎండు కొబ్బరి ఎక్కించుకుని తెచ్చి పట్నంలో వేస్తుంటాడు. ఇంజను ఉంది గానీ గాలి ఉన్నప్పుడు దాని జోలికి పోడు, తెరచాప ఎత్తుతాడు. ఆయన మూడు దీవులు తిరిగి వస్తాడు. మేమూ ఆయనతో పోయి, రాత్రిళ్ళు దీవుల మీద తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో పడుకుని తిరిగి రావాలని ఏర్పాటు. మూడో దీవి అన్నిటికన్నా బాగుంటుందనీ, అక్కడ ఇసుక పిండిలా తెల్లగా ఉంటుందనీ ఓవర్సియర్ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాడు.

మొదటి రోజు నాది. ఒడ్డు పక్కనే, అడవి నీళ్ళలోకి దిగి వేళ్ళూనిన చోట్ల గుండా పోయాం. నీళ్ళు మన కాలువ నీళ్ళలాగే మట్టి రంగులో ఉన్నాయి. ముసలాయన చెప్పినట్టు తాడు లాగాను, వదిలాను. తెరచాప ఒక్కసారి గాలి మింగి ఉబ్బినప్పుడు పడవ ముందుకు దూకింది, నేను ఈల వేశాను. అందరూ నవ్వారు. బావ నా వైపు చూసి, "మా బావకు రాని విద్య లేదు" అన్నాడు. ఆ సాయంత్రం మొదటి దీవిలో చేపల కూర తింటూ కాలువలో కొట్టుకుపోతున్న పిల్లవాణ్ణి లాగిన కథ చెప్పాను. నా భార్యకు ఆ కథ నోటికి వచ్చు. అయినా కొత్తగా వింటున్నట్టు విన్నది.

రెండో రోజు పొద్దున ఒడ్డు వదిలి బయటి సముద్రంలోకి వచ్చాం. గాలి బాగుంది. పడవ ఒక పక్కకు ఒరిగి, ఆ ఒరిగినట్టే పరుగెడుతోంది. అది అలాగే పోతుందని ముసలాయన ముందే చెప్పాడు. అక్క చేయి చాచి, "చూడుండ్రి, కింద తోట లెక్క లేదా?" అంది. అందరం వంగి చూశాం. నీళ్ళ కింద పగడపు రాళ్ళు, పసుపూ ఊదా రంగుల్లో, వాటి మధ్య సన్నని చేపలు. నీళ్ళు ఉన్నట్టే లేదు. పడవ నీడ ఎక్కడో అడుగున రాళ్ళ మీద పాకుతోంది. ఆ నీడ చూశాక మేం ఎంత ఎత్తున ఉన్నామో నాకు తెలిసింది.

నేను పుట్టినప్పటి నుంచి ఈదిన నీళ్ళలో అడుగు కనిపించేది కాదు. కాలువలో ముంచిన చెయ్యి మోచేతి దాకా కూడా కనపడదు. కనపడని లోతుకు నేనెప్పుడూ భయపడలేదు. ఇక్కడ గోడ లేని మిద్దె అంచు మీద నిలబడ్డట్టు ఉంది. కళ్ళు తిప్పుకోవాలనుకుంటూనే చూస్తున్నాను. ఇంతలో ఆ రాళ్ళ తోట ఒక్క చోట కత్తితో కోసినట్టు ఆగిపోయింది. దాని తర్వాత అడుగు లేదు, నల్లటి నీలం. పడవ నీడ ఆ అంచు దాకా వచ్చి మాయమైంది.

ఉన్నచోటే కూర్చున్నాను. అరచేతులు చల్లబడ్డాయి. ఎవరూ గమనించలేదనుకుని కొంతసేపు తెరచాప కొయ్యను పట్టుకుని ఊరుకున్నాను. పడవ ఇంకొంచెం ఒరిగింది. నా నోట్లోంచి నాకు తెలియని గొంతు వచ్చింది. వెనక్కి తిప్పమన్నాను. ముసలాయన వినపడనట్టు చూశాడు. మళ్ళీ అరిచాను. ఆయన, "ఇప్పుడు ఎనక్కి తిరిగితే గాలి ఎదురవుద్ది బాబూ. ముందు దీవే దగ్గర" అన్నాడు. ఆయనను తిట్టాను. ఏమని తిట్టానో రాయలేను. ఓవర్సియర్ నా భుజం మీద చెయ్యి వేశాడు, దాన్ని విదిలించి కొట్టాను. తర్వాత పడవ అడుగున, మురికి నీళ్ళలో, కొబ్బరి పీచు మీద బోర్లా పడుకుని నా భార్య కాళ్ళు రెండు చేతులా పట్టుకున్నాను. అమ్మా అని ఏడ్చాను. పెద్దగానే ఏడ్చాను. నన్ను ఎక్కడో ఒక చోట దించెయ్యమని, రాయి మీదైనా సరే దించెయ్యమని బతిమాలాను.

ఆమె నా తల తన ఒళ్ళోకి తీసుకుంది. కొంగు నా కళ్ళ మీద కప్పి, పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు అన్నట్టే మరాఠీలో ఏదో సన్నగా అంటూ నా వీపు రాసింది. ఆమె చెయ్యి వణకలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తు.

అంతటితో అయిపోలేదు. లేచి కూర్చోబోతే నా ప్యాంటు ముందు భాగం తడిసి ఉంది. అది సముద్రపు నీరు కాదు. తెల్ల ప్యాంటు. ఎదురుగా అక్క కూర్చుని ఉంది, ఆమె గబుక్కున దీవి వైపు తల తిప్పుకుంది. అప్పుడు బావ, పడవలో నీళ్ళు తోడే డబ్బా తీసుకుని సముద్రంలో ముంచి, నా ఒళ్ళో పోశాడు. ఇంకో డబ్బా తన మీద పోసుకున్నాడు. "ఎంత అల కొట్టిందిరా బాబూ, ఇద్దరం తడిసిపోయాం" అన్నాడు. సముద్రం మీద అల అన్నది లేదు. ఓవర్సియర్, అవునవును, ఇక్కడ ఒక్కోసారి ఇట్లనే కొడతది అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

రెండో దీవి చేరాక ఇసుకలో దిగి నేను ఒక్కణ్ణే చెట్ల కిందికి పోయి కూర్చున్నాను. ఆ దీవిలో బెంగాలీ కుటుంబాలు కొన్ని వరి పండించుకుంటూ ఉన్నాయి. మాకు ఒక ఇంట్లో వసారా ఇచ్చారు. మర్నాడు పొద్దున మూడో దీవికి బయలుదేరాలి. నేను ఎక్కనని చెప్పాను. ఇక్కడే ఉండి, రెండు మూడు రోజుల్లో వచ్చే ప్రభుత్వ లాంచీలో తిరిగి వస్తానన్నాను. ఓవర్సియర్ వెంటనే, అయితే మేం కూడా పోం, ఇక్కడే ఉండిపోదాం అన్నాడు. ముఖం నవ్వుతూనే ఉంది కానీ ఆ మాట అనడానికి ముందు ఒక క్షణం భార్య వైపు చూశాడు. ఆ దీవి మాకు చూపించాలని ఎన్నేళ్ళుగా అనుకున్నాడో నాకు తెలుసు.

వాళ్ళను పొమ్మన్నాను. నా వల్ల ఆగిపోతే ఊరుకోనని కోపంగానే అన్నాను. బావ మాత్రం కదలలేదు. తనకు ఈ చేపల వాసన పడటం లేదని, పడవలో కూర్చుంటే మళ్ళీ వాంతి వచ్చేలా ఉందని అన్నాడు. మొదటి దీవిలో వాడు రెండుసార్లు చేపల కూర వేయించుకోవడం నేను చూశాను.

నా భార్య నన్ను పక్కకు పిలిచింది. "నేను పోవాల్నా, ఉండాల్నా? నువ్వు చెప్పు" అంది.

"పో" అన్నాను.

ఉంటానంటుందనుకున్నాను. ఆమె నా ముఖంలోకి కొంతసేపు చూసింది. కోపంతో అన్నానా, నిజంగా అన్నానా అని వెతికిందేమో. ఆ తర్వాత కొంగు నడుముకు చెక్కుకుని, అక్క వెనకాల నీళ్ళలో నడుచుకుంటూ పోయి పడవ ఎక్కింది. తెరచాప లేచింది. ఆమె ఒకసారి వెనక్కి చూసింది. నేను చెయ్యి ఊపలేదు.

బావా నేనూ రెండు రోజులు ఆ వసారాలో ఉన్నాం. వాడు అలవాటు ప్రకారం వరి గురించి మాట్లాడాడు. బెంగాలీ రైతును సైగలతో అడిగి ఏ విత్తనం వేస్తారో తెలుసుకున్నాడు. బీర్కూర్‌లో ఈ ఏడు చెరకు వేస్తే ఎట్లా ఉంటుందని నన్ను అడిగాడు. పడవ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. రెండో రోజు మధ్యాహ్నం నాకు తట్టుకోవడం కష్టమైంది.

"ఎందుకు ఆగినవ్ బావా? నన్ను చూసి జాలి పడనీకా?"

వాడు నమిలే కొబ్బరి ముక్క పక్కన పెట్టాడు. "వాసన పడలేదని చెప్పాను కదా."

"అబద్ధం చెప్పకు."

"సరే, అబద్ధమే. ఏం చెయ్యమంటావు? నిన్ను ఒక్కణ్ణే వదిలేసి పోతే ఆ ఇసుక చూసి నేనేం సంబరపడతాను? ఇంక ఆ మాట వదిలెయ్యి."

వదిలెయ్యి అన్నాడు గానీ అప్పుడు వాడి గొంతులో మొదటిసారి విసుగు వినిపించింది. న్యాయంగానే ఉంది.

పడవ తిరిగి వచ్చినప్పుడు పొద్దు ఇంకా ఉంది. దూరం నుంచే నవ్వులు వినపడ్డాయి. దగ్గరికి వచ్చాక చూస్తే, వెనక కూర్చుని చుక్కాని పట్టింది నా భార్య. ముసలాయన పక్కన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆమె ముఖం ఎండకు నల్లబడింది, జుట్టు ఊడిపోయి గాలికి ఎగురుతోంది, కాళ్ళు బారచాపి కూర్చుంది. అక్క ఏదో అంటే నోరు తెరిచి నవ్వుతోంది. పెళ్ళయి పదేళ్ళు దాటింది, ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. ఇసుక మీద నిలబడ్డ నన్ను చూసింది. నవ్వు ఆగిపోయింది. కాళ్ళు ముడుచుకుంది. జుట్టు గబగబా ముడివేసుకుంది.

పడవలో జరిగిన దానికన్నా అది నన్ను ఎక్కువ కోసింది. నన్ను చూడగానే ఆగిపోయే నవ్వు ఒకటి ఆమెలో ఉందని అంతకుముందు నాకు తెలియదు.

నేను లాంచీలో, కింది గదిలో కూర్చుని పోర్ట్‌బ్లెయిర్‌కు వచ్చాను. ఈసారి నా భార్య నాతోనే వచ్చింది, నేను అడగలేదు. ఓడలో తిరుగు ప్రయాణమంతా బల్ల మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను. మూడో దీవి ఎట్లా ఉందని ఆమెను అడగలేదు. ఆమె చెప్పలేదు.

బాన్సువాడకు వచ్చాక నా భయం వేరేది. ఎవరు ముందు చెబుతారు? బావ వారానికి రెండుసార్లు ఎరువుల కోసం, నూనె కోసం బజారుకు వస్తాడు, హోటల్లో కూర్చుంటాడు, పదిమందితో మాట్లాడతాడు. వాడు అక్కడ ఉన్నాడంటే నేను ఆ దారిన పోవడం మానేశాను. తర్వాత తెలిసింది, ఎవరు అడిగినా వాడు, "నాకు కడుపులో తిప్పి మధ్యలో దిగిపోయాను, పాపం బావ కూడా నా కోసం ఆగిపోయాడు" అని చెబుతున్నాడట. ఆ మాట నాకు చెప్పినవాడు మా బడి గుమాస్తా. చెప్పి, మీరు ఎప్పుడూ దోస్తుల కోసం గట్లనే సార్ అన్నాడు. నేను ఈల మెడలో వేసుకుని మైదానానికి పోయాను. బావ ఇంటికి పోయి కాళ్ళు పట్టుకోవాలనిపించింది. వాణ్ణి చూడకూడదనీ అనిపించింది. రెండోదే చేశాను. నాట్ల తర్వాత వాళ్ళ బిడ్డకు పేరు పెట్టే రోజు పిలిస్తే, బడిలో పని ఉందని పోలేదు. అక్కడ వాడు నన్ను చుట్టాలకు, చౌరస్తాలో తనను కాపాడిన ధైర్యవంతుడని పరిచయం చేస్తాడని నాకు ముందే తెలుసు.

మా ఇంటి ఎదురు అరుగు మీద మధ్యాహ్నం పూట ఆడవాళ్ళు బీడీలు చుట్టేవాళ్ళు. ఒళ్ళో చేటలు, చేతులు వాటిపని అవి చేసుకుంటూ పోతుంటే నోళ్ళకు తీరిక. నా భార్య పని అయ్యాక పోయి వాళ్ళ దగ్గర కూర్చునేది. వానలు మొదలైన కొత్తలో ఒకరోజు నేను జ్వరంతో ఇంట్లోనే ఉన్నాను. కిటికీ తెరిచే ఉంది. వాళ్ళు ఆమెను సముద్రం గురించి అడిగారు. ఆమె చెప్పింది. మూడో దీవి గురించి మొదటిసారి నేను విన్నది అలా, మంచం మీద పడుకుని, వాళ్ళతోపాటు.

ఇసుక నిజంగానే పిండిలా ఉందట. దాని మీద తెల్లటి చిన్న పీతలు మనిషి నీడ పడితే చాలు బొరియల్లోకి జారిపోతాయట. తిరిగి వచ్చేటప్పుడు గాలి మారితే తెరచాప ఈ పక్క నుంచి ఆ పక్కకు టపామని కొట్టుకుందట. చుక్కాని కట్టె చేతిలో బతికున్న చేపలా కొట్టుకుంటుందట, గట్టిగా పట్టుకోకూడదట, దాన్ని కొంచెం పోనిచ్చి తెచ్చుకోవాలట. ఆమె గొంతు, చుక్కాని పట్టుకుని నవ్వినప్పుడు విన్న గొంతే.

అంతలో ఒక అవ్వ, "సార్ పట్టిండా ఆ కట్టెను?" అని అడిగింది.

"ఆ, ఆయన్నే పట్టిండు" అంది నా భార్య. "నేను చూస్త కూసున్న."

దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. ఆమె జీవితంలో చేసిన ఒక్క ప్రయాణం, ఆమె చేతిలో కదిలిన ఒక్క కట్టె, దాన్ని కూడా తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను అడగలేదు. అడగకుండానే వాళ్ళందరూ నాకు ఇస్తున్నారు. బావ తన కడుపు ఇచ్చాడు, ఓవర్సియర్ లేని అలను ఇచ్చాడు, ఈమె తనకున్నదంతా ఇచ్చింది.

నేను విన్నానని ఆ రాత్రి ఆమెతో చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఇంకా చాలా రోజులు చెప్పలేదు. చివరికి ఒక ఆదివారం పొద్దున నేను వీధిలో సైకిలు కడుగుతుంటే అదే అవ్వ ఆకుల మూట నెత్తిన పెట్టుకుని పోతూ ఆగింది. తన మనవడికి ఈత నేర్పమని అడిగింది. వాడు నీళ్ళంటే పారిపోతాడట. "నువ్వైతే సముద్రంల పడవ నడిపినోనివి, నీకేం ఫికర్" అంది.

"నేను నడపలే అవ్వా" అన్నాను. "నాకు భయమైంది. ఏడ్సిన. నడుమ దీవిల దిగి కూసున్న. నడిపింది ఈమె."

నా భార్య గుమ్మంలో ముగ్గు గిన్నె పట్టుకుని ఉంది. అరుగు మీద అప్పటికే వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు చేతులు ఆపేశారు. అవ్వ నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసి, నవ్వాలో వద్దో తెలియక, అట్లనా అని మూట సర్దుకుని పోయింది.

లోపలికి వచ్చాక నా భార్య గిన్నెను నేల మీద గట్టిగా పెట్టింది. ముగ్గు చిందింది.

"ఎందుకు చెప్పినవ్?"

నిజం కాబట్టి చెప్పానన్నాను. ఆమెది ఆమెకు ఇచ్చేద్దామని చెప్పానన్నాను.

"నాకేమొద్దు. రేపటి సంది నన్ను చూసి ఏమంటరు? మొగడు ఏడుస్తుంటే ఇడిసిపెట్టి పోయి పడవ నడిపిందంటరు. నీ బరువు దింపుకున్నవ్, నా నెత్తిన పెట్టినవ్." ఆమె కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. "పో అన్నప్పుడు నేను ఉండాల్సిండె. నాకు ఉండ బుద్ధి గాలే. అది ఎవరికీ తెల్వొద్దనుకున్న."

ఆమెకూ ఒక సిగ్గు ఉందని, దాన్ని కప్పుకోవడానికే ఆ కట్టె నా చేతిలో పెట్టిందని నాకు తట్టనే లేదు. నా సిగ్గు ఒక్కటే ఈ ఇంట్లో ఉందనుకున్నాను.

ఆమె అన్నట్టే అయింది. కొన్నాళ్ళు ఆమె అరుగు మీదికి పోలేదు. బడిలో పెద్ద తరగతి పిల్లలు నేను వెనక్కి తిరిగితే పడవ ఊగినట్టు ఊగేవాళ్ళు. ఒకణ్ణి పట్టుకున్నాను, కానీ కొట్టడానికి చెయ్యి లేవలేదు. హెడ్మాస్టరు ఏమీ తెలియనట్టే ఉన్నాడు. బావకు కబురు చేరి, ఒక సాయంత్రం నేరుగా మా ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "నన్ను అబద్ధాలకోరును చేశావు కదా బావా ఊళ్ళో" అన్నాడు. నవ్వుతూ అనలేదు. చాలాసేపు నిలబడ్డాక లోపలికి వచ్చి కూర్చున్నాడు. నా భార్య చాయ్ ఇచ్చింది. వాడు బిడ్డకు పేరు పెట్టిన రోజు నేను రాలేదని వాళ్ళ అమ్మ రెండుసార్లు అడిగిందని చెప్పాడు. ఆ వారమే పోయాను. ముసలామె మామూలుగానే అన్నం పెట్టింది. కర్రలూ రాళ్ళూ లేవని ఆ రోజు ఆమెకు చెప్పేశాను. విననట్టే ఇంకో ముద్ద నెయ్యి వేసింది.

అరుగు మీది ఆడవాళ్ళే చివరికి మా ఇంట్లోకి వచ్చి నా భార్యను లాక్కుపోయారు. వాళ్ళకు కావలసింది ఆ చుక్కాని సంగతి. మొగణ్ణి వదిలిపెట్టి పోయిందన్న మాట ఒకరిద్దరు అన్నారట, అనకుండా ఉండరు. మిగతావాళ్ళు మాత్రం ఆ కట్టె ఎట్లా పట్టుకోవాలో చేటలో కర్ర పెట్టి చూపించమన్నారట. మొదట్లో ఆమె రెండు మాటల్లో తేల్చేసేది. రాను రాను కథ పెరిగింది. నేను ఇంట్లో ఉన్నానని తెలిస్తే మాత్రం గొంతు తగ్గించేది. అందుకని ఆ వేళకు నేను ఏదో ఒక పని పెట్టుకుని బయటికి పోయేవాణ్ణి.

పిల్లలు కొంచెం పెద్దయ్యాక, ఒక వానాకాలం చివర్లో అందరం నిజాంసాగర్ డ్యాం చూడటానికి పోయాం. నీళ్ళు నిండుగా, మట్టి రంగులో ఉన్నాయి. చేపలవాళ్ళు పడవలో అడిగినవాళ్ళను కొంతదూరం తిప్పుతున్నారు. పిల్లలు ఎక్కుతామన్నారు. నా భార్య నా వైపు చూసింది. ఈసారి ఉండాల్నా, పోవాల్నా అని అడగలేదు. పిల్లల చేతులు పట్టుకుని దిగిపోయింది. ఆ నీళ్ళలో నేను చిన్నప్పుడు మునిగి తేలినవాణ్ణే. ఒక అడుగు పడవ వైపు వేసి చూశాను. ఒంట్లో అదే చలి. వెనక్కి వచ్చి కట్ట మీద రాళ్ళ మీద కూర్చున్నాను.

పక్కన ఎవరో ఊరి పెద్దమనిషి, నన్ను గుర్తుపట్టి, "ఏంది సార్, మీరు పోలే?" అని అడిగాడు.

"నాకు భయం" అన్నాను.

ఆయన పరాచికమనుకుని పెద్దగా నవ్వాడు. నా చెవులు వేడెక్కాయి. ఎన్నిసార్లు చెప్పినా వేడెక్కుతూనే ఉంటాయి. పడవలోంచి పిల్లలు నన్ను పిలుస్తున్నారు. నా భార్య వాళ్ళ వెనక నిలబడి నవ్వుతోంది. నేను లేచి నిలబడి చెయ్యి ఊపాను. ఆమె నవ్వు ఆపలేదు.